పిల్లల కథలలో దేవుని రాక

పిల్లలకు చెప్పు అద్భుత కథలలో దైవసహాయము క్రొత్త కాదు. ఆపద ముంచుకొని వచ్చినపుడు ఏ దేవతయో, ఏ మునియో ప్రత్యక్షమై కార్యమును చక్కబెట్టుట అన్ని దేశముల కథలలోను కలదు. అయితే ఇట్టి సహాయము కథకునకు రెండు చిక్కులు తెచ్చిపెట్టును. దేవుడే వచ్చి అన్నియు సరిదిద్దినచో కథానాయకుడు చేయవలసినది ఏమి మిగులును? ఇది మొదటి చిక్కు. కథలో పిలిచినంతనే పలికిన దేవుడు మన ఇంటిలో ఏల పలుకడని బాలుడు అడిగినచో ఏమి చెప్పవలెను? ఇది రెండవది; మొదటిదానికంటె కఠినమైనది. క్రైస్తవ విశ్వాసము ఆధారముగా ఇంగ్లీషులో పిల్లల కథలు వ్రాసిన సి. యస్. లూయిస్ ఈ రెండు చిక్కులను తప్పించుకొనక ఎదుర్కొనెను.

లూయిస్ 1898లో ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున జన్మించెను. ఆక్స్‌ఫర్డులోను, పిదప కేంబ్రిడ్జిలోను సాహిత్యాచార్యుడుగా ఉండెను. యౌవనమున నాస్తికుడై, ముప్పది యేండ్లు దాటిన పిమ్మట తిరిగి విశ్వాసి అయ్యెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1941 నుండి 1944 వరకు, బి.బి.సి. రేడియోలో క్రైస్తవ ధర్మమును గూర్చి ఆయన చేసిన ప్రసంగములు మిక్కిలి ప్రసిద్ధి పొందినవి. 1950 నుండి 1956 వరకు ఏటికొకటి చొప్పున ఏడు నార్నియా కథలు ప్రకటించెను.

మొదటి కథ 'సింహము, మంత్రగత్తె, బట్టల బీరువా'. వైమానిక దాడులనుండి కాపాడుటకై లండనునుండి పల్లెకు పంపబడిన నలుగురు తోబుట్టువులు ఒక పాత బీరువాలో దూరి నార్నియా అను వేరొక లోకమున ప్రవేశింతురు. అచట మంత్రగత్తె పాలనలో ఎడతెగని శీతకాలము. ఎడ్మండ్ అను బాలుడు ఆమె పెట్టిన మిఠాయికి ఆశపడి తనవారికి ద్రోహము చేయును. ఆ లోకపు ధర్మము ప్రకారము ద్రోహి ప్రాణము మంత్రగత్తెకు చెందవలెను. అప్పుడు ఆస్లాన్ అను మహాసింహము బాలునికి మారుగా తన్ను తాను అప్పగించుకొని, రాతిబల్లపై వధింపబడి, తెల్లవారునప్పటికి తిరిగి లేచును.

ఇందలి సంకేతములను బైబిలు తెలిసినవారు వెంటనే గుర్తింతురు. ప్రకటన గ్రంథములో క్రీస్తునకు యూదా గోత్రపు సింహమను పేరు కలదు. దోషికి బదులు నిర్దోషి మరణించుట సిలువ వృత్తాంతము. ఆస్లాన్ కళేబరము చెంత రాత్రియంతయు ఏడ్చుచు కూర్చున్న అక్కచెల్లెండ్రు క్రీస్తు సమాధియొద్దకు వెళ్ళిన స్త్రీలను తలపింతురు. 1952 నాటి మూడవ కథ చివర ఒక గొఱ్ఱెపిల్ల సముద్రతీరమున పిల్లలకు కాల్చిన చేపలతో ఫలహారము పెట్టి, వారు చూచుచుండగనే సింహముగా మారును. తిరిగి లేచిన క్రీస్తు ఒడ్డున శిష్యులకు చేపలు పెట్టిన ఘట్టము యోహాను సువార్తలో కలదు.

అయినను లూయిస్ సిద్ధాంతమును ముందు పెట్టుకొని దానికి కథను తొడుగలేదు. మంచు కురిసిన అడవిలో, గొడుగు పట్టుకొని నడచుచున్న మేకకాళ్ళ వనచరుని చిత్రమొకటి తన పదునారవ యేట మనస్సున మెదలెననియు, దానినుండియే మొదటి కథ పుట్టెననియు ఆయన చెప్పెను. నార్నియా వంటి లోకమొకటి ఉండి, దేవుని కుమారుడు మన లోకమున మనుష్యుడైనట్లే అచట సింహమైనచో ఏమగును అని తాను ఊహించితినని పిల్లలకు వ్రాసిన ఉత్తరములలో వివరించెను. అందుచేతనే బైబిలు ఎరుగని బాలుడు కూడ ఆ కథను కథగానే చదివి ఆనందింపగలడు.

ఇక మొదటి చిక్కు. ఆస్లాన్ తిరిగి లేచినంతమాత్రమున పిల్లల పని తీరదు. ఆయన వచ్చి చేరులోపల యుద్ధభూమిలో నిలిచి పోరాడినవారు పిల్లలే. మంత్రగత్తె చేతి దండమును విరుగగొట్టినవాడు ఎవరనుకొన్నారు? ద్రోహము చేసిన ఎడ్మండే. క్షమింపబడినవాడు ఊరక కూర్చుండక కార్యమునకు పూనుకొనెను. లూయిస్ గురుతుల్యునిగా భావించిన స్కాట్లండు రచయిత జార్జ్ మెక్‌డొనాల్డ్ 1872లో ప్రకటించిన 'రాకుమారియు గోబ్లినులు' అను కథలోను ఈ మర్యాదయే కనబడును. ఐరీన్ అను చిన్న రాకుమారికి ఆమె ముత్తవ్వ కంటికి కానరాని సన్నని దారము ఇచ్చును. ఆ దారము ఆమెను సురక్షితమైన చోటికిగాక చీకటి గుహలలోనికి కొనిపోవును. అడ్డువచ్చిన రాళ్ళగుట్టను ఆమె చేతులతో తొలగించుకొనవలెను. వెనుకకు మరలుదమన్న దారము చేతికి తగులదు.

రెండవ చిక్కునకు లూయిస్ తన బాల్యమునుండియే సమాధానము వెదకికొనవలసి వచ్చెను. ఆయన తొమ్మిదేండ్లవాడుగా ఉన్నప్పుడు, 1908లో, తల్లి క్యాన్సరు వ్యాధితో మరణించెను. ఆమె బ్రదుకవలెనని బాలుడు ప్రార్థించెను, ఆమె బ్రదుకలేదు. నాడు తాను దేవుని రక్షకునిగా గాని, న్యాయాధిపతిగా గాని తలపలేదనియు, అడిగిన పని చేసి తన దారిని తాను పోవు మాంత్రికునిగా మాత్రమే భావించితిననియు 1955లో వెలువడిన ఆత్మకథలో వ్రాసికొనెను.

అదే సంవత్సరమున వెలువడిన నార్నియా కథ పేరు 'మాంత్రికుని మేనల్లుడు'. ఇందు డిగరీ అను బాలుని తల్లి మరణశయ్యపై ఉన్నది. తండ్రి ఇండియాలో ఉద్యోగములో ఉన్నాడు. నార్నియా సృష్టింపబడిన దినముననే తన తొందరపాటుచే అచటికి మంత్రగత్తెను తెచ్చిన డిగరీ, తల్లికి మందు ఇమ్మని ఆస్లానును వేడుకొనును. తలయెత్తి చూడగా సింహము కన్నులలో తనకంటె పెద్ద దుఃఖము కనబడును. ఆస్లాన్ వెంటనే మందు ఈయడు. దూరపు కొండపై తోటనుండి ఒక పండు తెమ్మని పంపును. అది దొంగిలించి తల్లికి ఇమ్మని మంత్రగత్తె ప్రేరేపించును. ఏదెను తోటలో పండు తిన్నవారి కథకు ఇది ప్రతికథ. డిగరీ మాట తప్పక ఆ పండును తెచ్చి ఆస్లానుకు అప్పగించును. దానినుండి మొలచిన చెట్టు దేశమునకు రక్షణయగును. అప్పుడే, ఆస్లాన్ అనుమతిపై కోసికొనిన మరియొక పండుతో తల్లి కోలుకొనును.

ఇవి పిల్లలకు మారువేషమున పెట్టిన మతబోధలని ఫిలిప్ పుల్‌మన్ వంటి రచయితలు తీవ్రముగా విమర్శించిరి. లూయిస్ మిత్రుడు, స్వయముగా క్రైస్తవుడు అయిన టోల్కీనునకు సైతము ఇవి రుచింపలేదు. ఆ వాదము అట్లుండనిండు. తన తల్లి దక్కని రచయిత, కథలోని తల్లిని బ్రదికించుటకు ముందు బాలునిచే ఎంత కఠినమైన నిర్ణయము చేయించెనో గమనింపదగినది. తల్లి బ్రదుకునన్న ఆశ విడిచియే డిగరీ పండును అప్పగించెను. ప్రార్థన ఫలింపని ఇంటిలోని బాలునికి ఈ కథ కారణము చెప్పజాలదు. అడుగబడినవాడు రాతిగుండెవాడు కాడనియు, ఆ దుఃఖము తనది కూడననియు మాత్రము చెప్పును. కథ చదివి వినిపించు పెద్దలు ఆ సింహపు కన్నీటియొద్ద ఒక్క నిమిషము ఆగి, పిల్లవాడు ఏమి అడుగునో వినుట మంచిది.