మహమ్మారి కాలంలో దీర్ఘదూర ట్రయాథ్లాన్

దీర్ఘదూర ట్రయాథ్లాన్ అనగా ఈత, సైకిలు, పరుగు అనే మూడు అంశాలను ఒకే రోజున, వరుసగా పూర్తి చేయవలసిన క్రీడ. ఇందులో వృత్తి క్రీడాకారులు కొద్దిమందే. మిగిలినవారు ఉపాధ్యాయులు, వైద్యులు, ఇతర ఉద్యోగులు వంటి ఔత్సాహికులు. కోవిడ్-19 మహమ్మారి వీరి పోటీలను ఆపివేయడమే కాక, వ్యాధి సోకిన తరువాత ఉద్యోగాన్నీ సాధననూ ఒకే శరీరంతో ఎలా నెట్టుకురావాలన్న సమస్యను తెచ్చిపెట్టింది. రోజంతా నిలబడి, గొంతెత్తి మాట్లాడవలసిన ఉపాధ్యాయుల విషయంలో ఈ సమస్య స్పష్టంగా కనిపిస్తుంది.

పోటీ స్వరూపం

ఈ క్రీడలో ప్రసిద్ధమైనది ఐరన్‌మ్యాన్. ఇందులో 3.86 కి.మీ. ఈత, 180.2 కి.మీ. సైకిలు, 42.195 కి.మీ. పరుగు ఉంటాయి. సాధారణంగా 17 గంటలలోపు ముగించాలి. అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ ఆలోచనతో 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఒవాహు ద్వీపంలో మొదటి పోటీ జరిగింది. 15 మంది బయలుదేరగా 12 మంది గమ్యం చేరారు. 1981లో పోటీని హవాయి పెద్ద ద్వీపానికి మార్చారు. అక్కడి కోనా పట్టణం ఈ క్రీడకు పుణ్యక్షేత్రం వంటిది. సగం దూరపు పోటీని 70.3 అంటారు. ఇది మైళ్ళలో మొత్తం దూరం.

నిలిచిపోయిన పోటీలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్-19ను మహమ్మారిగా పేర్కొన్నది. ఆ ఏడాది కోనాలో జరగవలసిన ప్రపంచ పోటీ మొదట వాయిదా పడి, తరువాత రద్దయింది. 2021 పోటీ కూడా వాయిదా పడి, 2022 మే నెలలో అమెరికాలోని యూటా రాష్ట్రం, సెయింట్ జార్జ్‌లో జరిగింది. ప్రపంచ పోటీ హవాయి వెలుపల జరగడం అదే మొదలు. నార్వే దేశస్థుడు క్రిస్టియన్ బ్లుమెన్‌ఫెల్ట్, స్విట్జర్లాండుకు చెందిన డానియేలా రీఫ్ విజేతలయ్యారు. 2022 అక్టోబరులో పోటీ కోనాకు తిరిగివచ్చింది. భారతదేశంలో 2019 అక్టోబరులో గోవాలో మొదలైన 70.3 పోటీ మళ్ళీ జరగడానికి 2022 నవంబరు వరకు ఆగవలసివచ్చింది.

సాధనలో అన్నిటికంటే దెబ్బతిన్నది ఈత. ఇంటిలో స్టాండుకు బిగించి సైకిలు తొక్కవచ్చు, డాబా మీద పరుగెత్తవచ్చు. ఈతకు మాత్రం కొలను కావాలి. భారతదేశంలో 2020 మార్చిలో మూతపడిన ఈతకొలనులను క్రీడాకారుల శిక్షణ కొరకు అక్టోబరు 15 నుండి, అందరికీ 2021 ఫిబ్రవరి 1 నుండి తెరవడానికి కేంద్రం అనుమతించింది.

గుండెపై ప్రభావం

కోవిడ్ వైరస్ కొందరిలో గుండె కండరపు వాపుకు కారణమవుతుంది. ఈ వాపు ఉన్నప్పుడు తీవ్ర వ్యాయామం చేస్తే గుండె లయ తప్పి, అరుదుగా ఆకస్మిక మరణం సంభవించవచ్చు. అమెరికాలోని బిగ్ టెన్ విశ్వవిద్యాలయాలలో వ్యాధి సోకిన 1,597 మంది క్రీడాకారులను ఎం.ఆర్.ఐ. ద్వారా పరీక్షించగా 37 మందిలో, అనగా 2.3 శాతం మందిలో, ఈ వాపు కనిపించినట్లు 2021లో ప్రచురించారు. వీరిలో ఎక్కువమందికి గుండెకు సంబంధించిన లక్షణాలేవీ లేవు. శాతం చిన్నదే గాని, లక్షణాలు లేవన్నదే ఇందులో గమనించవలసిన అంశం.

2020లో బ్రిటిష్ వైద్యులు ఇచ్చిన సూచనల ప్రకారం కనీసం 10 రోజుల విశ్రాంతి, అందులో చివరి 7 రోజులు లక్షణాలు లేకుండా ఉండాలి. ఆపై 15 నిమిషాల తేలిక వ్యాయామంతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచాలి. 2022లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ దీనిని కొంత సడలించి, ఛాతీ నొప్పి, గుండె దడ, స్పృహ తప్పడం వంటి లక్షణాలున్నవారికి గుండె పరీక్షలు అవసరమన్నది. వాపు నిర్ధారణ అయితే మూడు నుండి ఆరు నెలలు వ్యాయామం మానాలి.

ఉపాధ్యాయులకు గల ప్రత్యేక ఇబ్బంది

వ్యాధి తగ్గిన తరువాత కూడా నెలల తరబడి కొనసాగే లక్షణాలను దీర్ఘ కోవిడ్ అంటారు. ఇందులో విచిత్రమైనది శ్రమ అనంతర నీరసం. శ్రమ పడినప్పుడు బాగానే ఉండి, ఒకటి రెండు రోజుల తరువాత మనిషి కుప్పకూలుతాడు. ఆదివారం నాలుగు గంటలు సైకిలు తొక్కిన ఉపాధ్యాయుడు సోమవారం బడికి మామూలుగానే వెళ్ళి, మంగళవారం రెండవ పీరియడులో నల్లబల్ల ముందు నిలబడలేకపోవచ్చు. అప్పుడు తప్పు తరగతి మీదికి పోతుంది, సైకిలు మీదికి పోదు. ఓర్పు క్రీడల్లో అలసటను లెక్కచేయకపోవడమే సుగుణంగా నేర్పుతారు. ఈ వ్యాధిలో అదే గుణం హాని చేస్తుంది.

కాబట్టి సాధన గంటలను మాత్రమే లెక్కించడం చాలదు. నిలబడి చెప్పిన పాఠాలు, ఎక్కిన మెట్లు, మాస్కుతో గట్టిగా మాట్లాడిన సమయం కూడా శ్రమ ఖాతాలోకే వస్తాయి. ఉదయం లేవగానే నాడి మామూలు కంటే వేగంగా ఉంటే ఆనాటి సాధన మానడం మంచిది. పైగా కోనా పోటీ జరిగే అక్టోబరులో ఉత్తరార్ధగోళపు దేశాల్లో చాలాచోట్ల బడులు నడుస్తూ ఉంటాయి. సాధన ముమ్మరమయ్యే నెలలూ, తరగతి గదిలో జలుబు, జ్వరాలు అంటుకునే నెలలూ ఇలా కలిసిపోతాయి.

జాన్ బ్లేజ్

అనారోగ్యంతో ఐరన్‌మ్యాన్ పూర్తిచేసిన ఉపాధ్యాయులలో అమెరికాకు చెందిన జాన్ బ్లేజ్ సుప్రసిద్ధుడు. ఈయన ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించేవాడు. 2005లో ఎ.ఎల్.ఎస్. అనే ప్రాణాంతక నాడీ వ్యాధి బయటపడింది. ఆ ఏడాది అక్టోబరులోనే కోనా పోటీని 16 గంటల 28 నిమిషాల 56 సెకన్లలో ముగించి, గమ్యరేఖను దొర్లుతూ దాటాడు. 2007లో మరణించాడు. ఈయన స్మృతిలో నేటికీ కొందరు గమ్యరేఖ వద్ద దొర్లుతారు.

ఈ ఉదాహరణను కోవిడ్ బాధితులకు ఆదర్శంగా చూపడం సరికాదు. బ్లేజ్ వ్యాధికి విరుగుడు లేదు. ఆగినందువల్ల ఆయనకు ఒరిగేది ఏమీ లేదు, బలం తగ్గిపోవడం తప్ప. కోవిడ్ వల్ల కలిగే గుండె వాపు చాలామందిలో విశ్రాంతితో నయమవుతుంది. దీర్ఘ కోవిడ్ ఉన్నవారు పూర్తి దూరానికి తిరిగి వెళ్ళలేకపోతే 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిలు, 10 కి.మీ. పరుగు గల ఒలింపిక్ దూరం ఉన్నది. అంతకంటే చిన్నదైన స్ప్రింట్ పోటీలో ఇందులో సగమే ఉంటుంది.