ఇంటి టెలివిజనునకు డి.వి.డి. యంత్రమును కలుపు విధము

గడచిన దసరా సెలవులకు ముందు మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ఒక డిస్కును చేతిరుమాలులో చుట్టి తెచ్చి మా బల్లమీద నుంచెను. అది వాని తలిదండ్రుల వివాహపు డిస్కు. తండ్రి గతించి రెండేండ్లయినది. ఆయన ఛాయాచిత్రములు ఇంట కొన్ని యున్నవి గాని, ఆయన కంఠస్వరము నిలిచియున్నది ఆ డిస్కునందు మాత్రమే. క్రొత్త టెలివిజను కొన్న పిమ్మట దానిని వేసి చూడగా బొమ్మ రాలేదనియు, చెవులు గింగురుమనునట్టి రొద మాత్రము వచ్చుచున్నదనియు, బజారులో చూపగా డిస్కు చెడినది, పారవేయుడని చెప్పిరనియు వాడు చెప్పెను. ఆ రొద లోపల నెక్కడనో సన్నగా మేళము వినబడుచున్నదని తన తల్లి యనుచున్నట్లును చెప్పెను. బజారువారు చెవినిబెట్టని యీ కడపటి మాటయే మాకు ఆశ గొల్పెను. కారణమును తగిన చోట వ్రాసెదము.

తరువాత తరగతులలో విచారింపగా, ఇట్టి డిస్కులు అటకమీదను, బీరువాలలోను పడియున్న ఇండ్లు పెక్కులని తెలియవచ్చెను. యంత్రము లేక కొందరు, ఉండియు కలుపుట తెలియక కొందరు వాని నట్లే విడిచియున్నారు. కావున ఈ సంచికయందు ఆ విధమును విద్యార్థులకును వారి పెద్దలకును తెలియునట్లు వివరింప దలచితిమి.

మొదట డిస్కును గూర్చి రెండు మాటలు. డి.వి.డి. యనునది 1996వ సంవత్సరము చివర జపానుదేశమున మొట్టమొదట విక్రయమునకు వచ్చినది. దాని అడ్డుకొలత 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటరు. సగము మందము గల రెండు రేకులను కలిపి అంటించి దానిని చేయుదురు. అందు సమాచారమంతయు ఒకే దారిగా, లోపలి అంచునుండి బయటి అంచునకు, జిలేబీ చుట్టవలె చుట్టుకొని పోవును. ఆ చుట్లు ఎంత దగ్గరవనగా, ఒక్క మిల్లీమీటరు వెడల్పున పదమూడువందలకు పైగా పట్టును. 1982లో వచ్చిన పాటల సి.డి.యందు అంతే వెడల్పున ఆరువందల పైచిలుకు మాత్రమే యుండెడివి. ఎఱ్ఱని లేజరు కిరణమొకటి ఈ సన్నని దారివెంట నడచుచు దానిని చదువును. చదివిన దానిని యంత్రము రెండు తెగలుగా విడదీసి వెలుపలికి పంపును: కంటికి చేరవలసినది బొమ్మ, చెవికి చేరవలసినది ధ్వని. ఈ రెంటి దారులు వేఱనుమాట జ్ఞాపకముంచుకొనువారికి తీగలు కలుపుటలో సగము పని యైనట్లే.

కలుపుటకు పూర్వము టెలివిజనును, యంత్రమును రెంటిని విద్యుత్తునుండి ఊడదీయవలెను. విదేశములనుండి బంధువులు తెచ్చిన యంత్రమైనచో దాని వెనుకనున్న చీటీని తప్పక చదువుడు. అమెరికాదేశమున గోడ విద్యుత్తు 120 వోల్టులు. మన యిండ్లలో 230. చీటీమీద 100 నుండి 240 అని యున్న యంత్రము ఇచ్చటను పనిచేయును. 120 అని మాత్రమే యున్నదానిని మన ప్లగ్గునందుంచినచో అది ఒక్క క్షణమున కాలిపోవును. దానికి వోల్టేజి తగ్గించు ట్రాన్సుఫార్మరు కావలెను.

ఇక యంత్రము వెనుకభాగమును చూడుడు. అచ్చటి రంధ్రములకు 'అవుట్' అనియు, టెలివిజను రంధ్రములకు 'ఇన్' అనియు వ్రాసియుండును. ఎగువ చెరువు తూమునుండి దిగువ చెరువునకు నీరు పారునట్లు, యంత్రపు 'అవుట్' నుండి టెలివిజను 'ఇన్'నకు బొమ్మయు ధ్వనియు పోవలెను. కొన్ని టెలివిజనులకు 'అవుట్' రంధ్రములును కలవు. వానియందు పిన్నులు గ్రుచ్చి, ఏమియు రాలేదని కూర్చుండువారిని మేమెఱుగుదుము.

సాధారణముగా మూడు రంగుల తీగలుండును. పసుపుపచ్చనిది బొమ్మకు, తెల్లనిది ఎడమవైపు ధ్వనికి, ఎఱ్ఱనిది కుడివైపు ధ్వనికి. ఏ రంగు పిన్నును ఆ రంగు రంధ్రమునందుంచుట చాలును. ఐనను ఇచ్చట రెండు చిక్కులున్నవి. బొమ్మనే ఆకుపచ్చ, నీలము, ఎఱుపు అను మూడు తీగలుగా విడదీసి పంపు ఏర్పాటు కొన్ని యంత్రములకు గలదు. అందుచే వెనుకవైపున ఎఱ్ఱని రంధ్రములు రెండుండును. ఒకటి బొమ్మలోని ఎఱుపుపాలు, రెండవది కుడి ధ్వని. తెల్లని రంధ్రమునకు జతగా నున్నదే ధ్వనిదని గుర్తించవలెను. రెండవ చిక్కు: కొన్ని టెలివిజనులకు పసుపు రంధ్రము వేఱుగా నుండదు. ఆకుపచ్చ రంధ్రమే ఆ పనియు చేయును. దాని చుట్టు పసుపుగీత గాని, 'వీడియో' అను మాట గాని యుండును. పసుపు పిన్నును దానియందే యుంచవలెను.

రెంటికిని హెచ్.డి.ఎం.ఐ. రంధ్రమున్నచో ఈ రంగుల గొడవ యేమియు లేదు. ఆ యొక్క తీగయే బొమ్మను ధ్వనిని కూడ మోయును. దాని తలకు ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇఱుకు. తిరుగవేసి బలముగా నెట్టినచో లోపలి రేకులు వంగును, గావున చూచి పెట్టుడు.

తీగలన్నియు సరిగా కలిపి విద్యుత్తు వేసినను తెర నల్లగానో నీలముగానో యుండుట కద్దు. అప్పుడు తీగలను పెరికివేయవలదు. టెలివిజనునకు ద్వారములు పెక్కులు. అది ఒక్కొక్కసారి ఒక్క ద్వారమునే కనిపెట్టుకొని యుండును. నిన్నరాత్రి కేబులు వార్తలు చూచిన టెలివిజను నేడును కేబులు ద్వారముననే నిలిచియుండును. రిమోటుపై 'సోర్స్' అనియో, 'ఇన్‌పుట్' అనియో ఉన్న మీటను నొక్కుచు, మనము తీగ పెట్టిన రంధ్రపు పేరు వచ్చువరకు పోవలెను. అది డి.వి.డి. రిమోటు గాక టెలివిజను రిమోటు కావలెననుట చెప్పనక్కఱలేని మాటవలె తోచును. కాని చెప్పవలసియే వచ్చుచున్నది.

ఇప్పుడు ఆ విద్యార్థి యింటి సంగతి. ఒక సాయంకాలము మేము వెళ్లి చూచితిమి. వారి క్రొత్త టెలివిజనునకు మూడు రంధ్రములు లేవు. చెవిలో పెట్టుకొను ఇయర్‌ఫోను పిన్ను పట్టునంతటి చిన్న రంధ్రమొకటి యున్నది. ఇట్టి టెలివిజనులతో ఒక మూర తీగ వచ్చును. దాని కొక కొనను సన్నని పిన్ను, రెండవ కొనను పసుపు, తెలుపు, ఎఱుపు రంధ్రములు. ఆ సన్నని పిన్ను మూడు నల్లని గీతలచే నాలుగు భాగములుగా విభజింపబడియుండును. ఏ భాగము దేనికను విషయమున తయారుచేయువారందఱు ఏకీభవింపలేదు. ఒకరు బొమ్మకు విడిచిన భాగమును మఱియొకరు కుడి ధ్వనికి విడుతురు. ఆ యింట టెలివిజనుతో వచ్చిన తీగ పోగా, బజారున వేఱొకటి కొని తెచ్చిరి. రంగులు రంగులకు సరిపోయినవి. లోపలి భాగములు మాత్రము తారుమారైనవి.

యంత్రమును నడిపింపగా వాడు చెప్పినట్లే రొద వచ్చెను. ఆ రొద మఱేదియు గాదు. ఆ పెండ్లి బొమ్మయే. కంటికి పోవలసినది చెవిదారి పట్టినది. బొమ్మను మోయు విద్యుత్తరంగములను స్పీకరునకిచ్చినచో అది వానిని ఆ కఠోరధ్వనిగానే పలుకును. కుడి ధ్వని బొమ్మదారిన పోయి తెరమీద నేమియు గానరాక నశించినది. తెల్లని తీగ యొక్కటియే తన దారిని తాను పోవుచుండెను. కావుననే రొద క్రింద ఆమెకు మేళము వినబడినది. మేళము వినబడుచున్నదనగా లేజరు డిస్కును చదువుచున్నదన్నమాట. చదువబడుచున్న డిస్కు చెడినదెట్లగును?

పసుపు పిన్నును ఎఱ్ఱని రంధ్రమునను, ఎఱ్ఱనిదానిని పసుపు రంధ్రమునను మార్చి పెట్టితిమి. రొద ఆగెను. తెరమీద పందిరి, బంధువులు, బ్యాండువారు కనబడిరి. ఆమె వాకిటనే నిలుచుండి చూచెను. పెండ్లికుమారుడు ప్రమాణవాక్యములు పలుకునపుడు లోపలికి వచ్చి కూర్చుండెను. మేము కాఫీ కూడ త్రాగక లేచి వచ్చితిమి. (ప్రతి టెలివిజనునకును ఈ మార్పిడి సరిపోవునని తలపరాదు. ఆ టెలివిజనుతో వచ్చిన తీగనే దాచుకొనుట ఉత్తమము.)

బొమ్మ వచ్చిన పిదప చేయవలసిన సవరణలు కొన్ని గలవు. యంత్రపు రిమోటుపై 'సెటప్' నొక్కినచో అవి కనబడును. మొదటిది తెర ఆకారము. పాత పెట్టె టెలివిజనుల తెర 4కు 3 వంతున నుండును. క్రొత్తవానిది 16కు 9. మన తెర ఏదియో యంత్రమునకు తెలుపనిచో మనుష్యులు సాగుదురు. మా తోటి ఉపాధ్యాయులొకరు తమ పాత టెలివిజనులో తమ్ముని చూచి, విదేశమున తిండిలేక పొడుగై చిక్కిపోయెనని వగచిరి. 4కు 3 అని మార్చగా తమ్ముడు మరల ఒడ్డుపొడుగు గలవాడయ్యెను.

అమెరికానుండి మన తెలుగువారు పంపు డిస్కుల విషయమున మఱియొకటి. మనదేశమున పాటించిన పద్ధతి పాల్. అందు క్షణమునకు, అనగా సెకనునకు, 25 బొమ్మలు. అమెరికాలో పాటించినది ఎన్.టి.ఎస్.సి.; అందు రమారమి 30. బొమ్మ రంగు కోల్పోయి నలుపుతెలుపుగా వచ్చినను, పైకి దొర్లిపోవుచున్నను ఈ తేడాయే కారణమై యుండవచ్చును. 'టీవీ టైప్' అనుచోట 'ఆటో' గాని 'మల్టీ' గాని ఎన్నుకొనుడు. అంగడులలో అమ్ముటకు చేసిన సినిమా డిస్కులకు ప్రాంతసంఖ్యయు గలదు: మనదేశము 5, అమెరికా 1. సంఖ్య కలియనిచో యంత్రము ఆ డిస్కును నిరాకరించును. ఇంటివారు తీయించుకొన్న పెండ్లి డిస్కులకు సాధారణముగా ఈ యడ్డు లేదు.

'ప్రోగ్రెసివ్' అను సవరణ జోలికి పసుపుతీగవారు పోరాదు. కొన్ని యంత్రములలో అది పెట్టిన వెంటనే పసుపుతీగన బొమ్మ నిలిచిపోవును. బొమ్మ లేనిది దానిని తీయు మార్గము తెరపై కనబడదు. హెచ్.డి.ఎం.ఐ.తో బొమ్మ వచ్చి ధ్వని రానిచో ధ్వని సవరణయందు 'పి.సి.ఎం.' అనుదానిని ఎన్నుకొని చూడుడు.

యంత్రమునుంచు స్థలమును గూర్చి ఇంటి స్త్రీలకు కోపము రాకుండ ఒకమాట చెప్పవలసియున్నది. నర్సాపురపు లేసుగుడ్డ ఎంత సొగసైనదైనను యంత్రముమీద కప్పి నడపరాదు. దాని వేడి పైరంధ్రములగుండ పోవలెను. డిస్కు మురికియైనచో మెత్తని నూలుగుడ్డతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను. గుండ్రముగా తుడిచినచో పడిన గీత చుట్లవెంట పోయి, లేజరునకు దారి చాల దూరము చెఱచును. అడ్డుగీతను అది దాటిపోగలదు. మూత తీసి లేజరును చూచుటకు ఏ బాలుడును సాహసింపరాదు. ఆ కిరణము కంటికి హానికరము.

ఇంటిలో గాని స్టూడియోలో గాని వ్రాయించిన డిస్కులు కర్మాగారమున అచ్చొత్తినవానివంటివి కావు. వానియందు వ్రాత నిలుచునది ఒక రంగుపూతలో. ఎండకును వేడికిని ఆ పూత చెడును. రేకుల అటకమీద వేసవులు గడపిన డిస్కు ఎన్నాళ్లుండునో చెప్పలేము. క్రొత్త కంప్యూటరులు పెక్కింటికి డిస్కు పెట్టు అర లేదు. చదువు యంత్రములును బజారులో అరుదగుచున్నవి. కావున బొమ్మ వచ్చిన నాడే ఆగక, అర గల కంప్యూటరులో వేసి ప్రతి తీయించి, రెండు చోట్ల దాచుడు. మన పాఠశాల కంప్యూటరు గదిలో అట్టి దొకటి యున్నది. శనివారము మధ్యాహ్నము తెచ్చినచో మేమే తీసియిత్తుము. ఆ విద్యార్థి డిస్కునకు రెండు ప్రతులు తీసితిమి. ఒకటి వాని తల్లియొద్ద నున్నది. రెండవదానిని వాని మేనత్తకు పంపిరి.