చెదిరిన ఆకులు – వెదికిన కన్నులు

లాడ్ బజారు అంటే గాజుల బజారు. చార్మినారు నుంచి పడమటికి సాగే ఆ వీధిని, పెళ్ళి కుదిరిన ఇంటివారు తొక్కకుండా ఉండరు. అక్కడ అమ్మే లక్క గాజు వెనుక ఎన్ని చేతులో! లక్కను బొగ్గుల మీద మెత్తబరచి సాగదీసేవారొకరు, గుండ్రంగా చుట్టేవారొకరు, రాళ్ళు పొదిగేవారు మరొకరు. ఇంతా చేసి గాజు మీద ఎవరి పేరూ ఉండదు.

ఒకప్పుడు పుస్తకమూ ఇలాగే తయారయ్యేది. కాగితానికి గంజి పట్టించి, నున్నని రాతితో అద్దంలా మెరిసేదాకా రుద్దేవారు. అట్ట మీద దారాలు వరుసగా బిగించి, దాన్ని కాగితం కింద పెట్టి ఒత్తితే సన్నని గీతలు పడేవి. ఆ అట్టకు మిస్తరు అని పేరు. ఆ గీతల వెంబడి కాతిబు, అంటే లేఖకుడు, రెల్లు కలంతో రాసుకుపోతూ బొమ్మకు చోటు విడిచిపెట్టేవాడు. తరువాత చిత్రకారుడు, బంగారు పూత పనివాడు, చివరకు జిల్దు కట్టేవాడు. ఇందరి చేతులూ కలిస్తే ఒక గ్రంథం.

గోల్కొండలో ఇటువంటి గ్రంథాలు తయారయ్యాయి. 1572లో అక్కడ సిద్ధమైన వైద్య గ్రంథం ఒకటి ఇప్పుడు డబ్లిన్ నగరంలో ఉంది. 1582 నాటి ‘అన్వారె సుహేలీ’ లండన్ నగరంలోని ఒక మ్యూజియంలో ఉంది. పేరు పారసీకమే గాని, అందులోని కథలు చాలావరకు మన పంచతంత్రం నుంచి వెళ్ళినవే. పహ్లవీ భాషలోకి, అక్కడి నుంచి అరబ్బీలోకి, పారసీకంలోకి మారి, తిరిగి తిరిగి గోల్కొండలో బొమ్మలు వేయించుకున్నాయి. పుట్టిల్లు వెతుక్కుంటూ వచ్చిన ఆడపడుచు లాగా!

అవి పుస్తకాలుగానైనా మిగిలాయి. మిగలనివి ఎన్నో. పుస్తకాన్ని మొత్తంగా అమ్మడం కంటే బొమ్మ ఉన్న ఆకులను కోసి, విడివిడిగా అద్దాలు కట్టి అమ్మితే ఎక్కువ డబ్బు. అలా ఒక్కొక్క గ్రంథం పది దేశాల పాలయింది. బొమ్మ దక్కింది, రాసినవాడి పేరు, ఏలిక పేరు, ఊరి పేరు ఉన్న చివరి పుట మాత్రం వేరైపోయింది.

ఇక్కడే కళా చరిత్రకారుడి పని మొదలవుతుంది. ఒక చిన్న ఉపాయం చెబుతాను. పాత పారసీక, ఉర్దూ రాతప్రతులలో పుట అడుగున ఒక మాట ఏటవాలుగా రాసి ఉంటుంది. అది తరువాతి పుటలోని మొదటి మాట. పుటల అంకెలు వేయని ప్రతులలో ఆకుల వరుసకు అదే కొండగుర్తు. ఒక ఊళ్ళోని ఆకు అడుగున ఉన్న మాట, మరో దేశంలోని ఆకు మీద మొదట కనిపిస్తే? చుట్టు గీతల కొలత, పంక్తుల లెక్క, కాగితం, చేతిరాత కూడా కలిస్తే, ఆ రెండూ తోబుట్టువులని తేలుతుంది. ఇది ఏళ్ళ తరబడి ఓపిక పట్టవలసిన పని.

అటువంటి ఓపికకు హైదరాబాదులో చెప్పుకోదగ్గ పేరు జగదీశ్ మిత్తల్ గారిది. శాంతినికేతనంలో నందలాల్ బోసు వద్ద చిత్రలేఖనం నేర్చి, స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు భార్య కమలగారితో ఈ నగరానికి వచ్చారు. బదరీవిశాల్ పిత్తీగారు ఇక్కడి నుంచి ప్రచురించిన ‘కల్పన’ హిందీ మాసపత్రికకు కళా సంపాదకత్వం నెరపారు. అంటే పాత పుటలు వెదికిన కన్నే కొత్త పుటలనూ తీర్చిందన్నమాట! 1963లో బొంబాయి ‘మార్గ్’ పత్రికలో హైదరాబాదు చిత్రశైలి గురించి, వనపర్తి, గద్వాల, సురపురం సంస్థానాల చిత్రాల గురించి వ్యాసాలు రాశారు. 1969లో ఆంధ్రదేశపు రామాయణ చిత్రాల మీద ఆయన పుస్తకాన్ని లలిత కళా అకాడమీ వెలువరించింది.

నా వంటి తెలుగు పంతులుకు ఇందులో సంతోషం ఏమిటంటారా? గద్వాల, వనపర్తి అంటే మాకు కవి పండితుల సంస్థానాలు. అక్కడ పద్యమే కాదు, బొమ్మ కూడా వర్ధిల్లిందని ఆ వ్యాసాలు చెప్పాయి. దంపతులు కూడబెట్టినదంతా సొంతానికి ఉంచుకోలేదు. 1976లో ధర్మకర్తల నిధిగా మ్యూజియం ఏర్పరచి దానికి అప్పగించారు.

అచ్చుయంత్రం వచ్చాక కాతిబు ఏమయ్యాడు? ఉర్దూ నస్తాలీఖు అక్షరం ఏటవాలుగా జారుతూ నడుస్తుంది. సీసపు అచ్చులో ఒక పట్టాన ఇమడలేదు. అందుచేత కాతిబు జిడ్డు సిరాతో రాసిన రాతనే రాతిపలక మీదికి ఎక్కించి అచ్చు వేసేవారు. యంత్రం వచ్చినా చేతికి పని పోలేదు. లాడ్ బజారుకు కొద్ది దూరంలోని ఛత్తా బజారు అటువంటి రాతకూ, అచ్చుకూ పేరుపొందింది. 1980 తరువాత కంప్యూటరు నస్తాలీఖు నేర్చుకుంది. కాతిబుల కలాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. గాజులు కొన్నవారు శుభలేఖల కోసం ఛత్తా బజారుకు నడిస్తే, బంగారు అంచుల కార్డుల మీద ఆ పాత పనితనపు నీడ ఇప్పటికీ కనబడుతుంది.

ఇక మన ఇళ్ళ సంగతి. అటక మీద తాతగారి తాళపత్రాల కట్ట ఉందనుకోండి. ఒక్క ఆకు తీసి అద్దం కట్టించాలని ముచ్చట పడవద్దు. దారం తెంచవద్దు. చివరి ఆకును మరీ జాగ్రత్తగా చూడండి. రాసినవాడి పేరు, సంవత్సరం, తిథి చాలాసార్లు అక్కడే ఉంటాయి. తప్పులుంటే మన్నించమన్న విన్నపం కూడా ఉంటుంది. చదవడం రాకపోతే ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయం వారిని అడగండి. అన్నదమ్ములు వాటాలు వేసుకునేటప్పుడు పొలాన్ని పంచుకోవచ్చు; పుస్తకాన్ని పంచుకోకూడదు.