రాజుగారి కంటె ముందు వచ్చే బిరుదులు

పూర్వం రాజు కొలువుకు వస్తున్నాడంటే ముందుగా ఆయన రాడు. ఆయన బిరుదులు వచ్చేవి. వందిమాగధులు, మన వైపు భట్రాజులు, గొంతెత్తి ఒక్కొక్క బిరుదే చదివేవారు. విన్నవారికి అర్థమయిందా లేదా అన్నది తరువాతి సంగతి. గుక్క తిప్పుకోనివ్వని ఆ సమాసాల మ్రోతలోనే సగం రాచరికం ఉండేది!

మంగళగిరిలో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారి గాలిగోపురాన్ని తలెత్తి చూడనివారుండరు. దానికి సుమారు మూడువందల యేళ్ళ ముందుటి శాసనస్తంభం ఒకటి అదే ఊళ్ళో ఉన్నది. దాని దగ్గర ఆగేవారు తక్కువ. నేను ఆగి అక్షరాలు కూడబలుక్కోబోయాను గాని, చివరకు అచ్చుపాఠమే శరణ్యమయింది. కృష్ణదేవరాయలవారి మహామంత్రి తిమ్మరుసు కొండవీటిని పట్టుకున్న వైనం అందులో ఉన్నది. పొగడ్త ఆకాశంలో విహరిస్తూ విహరిస్తూ హఠాత్తుగా కరణంగారి కవిలె ధోరణిలోకి దిగుతుంది: శకవర్షం 1437, ఆషాఢమాసం, హరివాసరం, శనివారం. అంటే 1515 జూన్ 23, ఏకాదశి. అతిశయోక్తి ఎంత ఉన్నా తిథివారాల జోలికి మాత్రం పోలేదన్నమాట!

ఇక రాయలవారి శాసనాలలో తరచుగా కనిపించే బిరుదులు చూడండి. 'మూరు రాయర గండ', 'భాషెగె తప్పువ రాయర గండ'. ఆముక్తమాల్యద వ్రాసిన ప్రభువుకు కన్నడ బిరుదులా అని ఆశ్చర్యపోనక్కరలేదు. అవి విజయనగర సింహాసనంతోబాటు సంక్రమించినవి. పైగా మనకు మరీ పరాయి మాటలూ కావు. 'భాషె' అంటే మన బాసే, ఇచ్చిన మాట. 'గండ' అంటే మగడు, వీరుడు. పెద్దనగారికి తొడిగిన గండపెండేరంలో ఉన్నది ఆ గండడే. 'హిందూరాయ సురత్రాణ' మరీ తమాషా అయినది. సుల్తాను అనే మాటకు సంస్కృత వేషం వేస్తే 'సురత్రాణ' అయింది; దానికి దేవతలను రక్షించేవాడన్న అర్థం కూడా కలిసివచ్చింది.

నాకు అన్నిటికంటె ఇష్టమయినది రెండవ బిరుదు. మాట తప్పే రాజులకు మొగుడు! నిండు సభలో పదేపదే ఈ మాట చెవిని పడుతుంటే, తాను మాట తప్పడం ఏ రాజుకయినా అంత సులభమా? ఆ పొగడ్తలో ఒక ముకుతాడు కూడా ఉన్నది.

ఈ విద్య మన ఒక్కరి సొత్తు కాదు. నైజీరియా ఉత్తరభాగాన హౌసా రాజుల కొలువుల్లో స్తోత్రగాయకులు తరతరాలుగా ఉన్నారు. వారి పొట్టి స్తుతివాక్యాలకు 'కిరారి' అని పేరు. రాజును మదగజమంటారు, అచ్చం మన కవులలాగే. మనిషి నిలువును మించిన 'కకాకీ' బాకాలు ఊదుతారు. ఆ గాయకులకు కోపం వస్తే నింద కూడా పాడగలరు. దానిని 'జంబో' అంటారు. వేములవాడ భీమకవి కథలు విన్న మనకు ఇదేమంత వింత?

తిమ్మరుసుగారి సంగతి చెప్పవలసి ఉన్నది. కొండవీటి విజయం తరువాత పదేళ్ళయినా నిండకముందే, యువరాజు మరణానికి కారకుడన్న నింద మోపి ఆయనను చెరలో వేశారనీ, కళ్ళు తీయించారనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసిపెట్టాడు. స్తంభం మీది పొగడ్తను మాత్రం ఎవరూ చెక్కివేయలేదు. మంగళగిరి వెళ్ళినవారు పానకాలస్వామి దర్శనం అయిన తరువాత దానిని కూడా ఒక్కసారి చూసి రండి.