గది మోత వినే పెట్టె

2003లో డెన్మార్క్‌కు చెందిన బ్యాంగ్ అండ్ ఓలుఫ్‌సెన్ కంపెనీ బియోల్యాబ్ 5 అనే స్పీకరును తెచ్చింది. కొలత మొదలుపెట్టమంటే చాలు, దాని అడుగు నుంచి చిన్న మైకు ఒకటి బయటికి జారుతుంది. స్పీకరు తానే గుయ్యిమని మంద్రస్వరాలు పలుకుతుంది, గోడలు వాటిని ఏం చేశాయో ఆ మైకుతో వింటుంది, ఎక్కువైన చోట తన బేస్‌ను తగ్గించుకుంటుంది. పని కాగానే మైకు లోపలికి వెళ్లిపోతుంది.

మంద్రస్వరాలకే పుట్టిన సబ్‌వూఫర్‌కు ఈ బుద్ధి రావడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది. 1960ల రెండో సగంలో అమెరికాలో ఆర్నాల్డ్ న్యూడెల్ అనే భౌతికశాస్త్రవేత్త, క్యారీ క్రిస్టీ అనే విమాన పైలట్ కలిసి ఇంటి గరాజ్‌లో ముందుకూ వెనక్కూ కదిలి ధ్వని పుట్టించే 18 అంగుళాల కోన్‌తో సర్వో స్టాటిక్ 1 అనే సబ్‌వూఫర్‌ను తయారుచేశారు. అంత పెద్ద కోన్ చెప్పినట్టు కదలదు. ఆగమన్నప్పుడు ఆగదు, వెళ్లమన్నంత దూరం వెళ్లదు. అందుకని కోన్ ఎలా కదిలిందో ఎప్పటికప్పుడు యాంప్లిఫయర్‌కు కబురు చేరే ఏర్పాటు చేశారు. తేడా వస్తే యాంప్లిఫయరే దిద్దుతుంది. సర్వో అంటే అదే. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో మొదలుపెట్టిన లెక్కలను రిచర్డ్ స్మాల్ 1970లలో పూర్తిచేయడంతో, ఏ కోన్‌కు ఎంత పెట్టె కావాలో ఊహించాల్సిన పని పోయింది. 1974లో ‘ఎర్త్‌క్వేక్’ సినిమా థియేటర్ కుర్చీలను ఊపాక బేస్ మీద జనానికి మోజు పెరిగింది. అక్కడి నుంచి అంతా వాట్ల పోటీయే. ఆ కథలో చెప్పుకోదగ్గది తక్కువ.

అసలు చిక్కు ఎక్కడుందంటే, కోన్ ఎంత బుద్ధిగా కదిలినా ఇంట్లో బేస్ బాగుండేది కాదు. దోషం పెట్టెలో లేదు, గదిలో ఉంది.

ధ్వని సెకనుకు 343 మీటర్లు వెళ్తుంది. అంటే 40 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లకు పైనే. అది మన హాల్లో పట్టదు. 15 అడుగుల హాల్లో 37 హెర్ట్జ్ దగ్గర సగం తరంగం రెండు గోడల మధ్య సరిగ్గా అమరిపోతుంది. అక్కడ అది తొట్టిలో నీళ్లు ఊగినట్టు ఊగుతుంది: గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, నడిమధ్యన దాదాపు సున్నా. గోడకు ఆనించిన సోఫాలో ఆ స్వరం చెవులు దిమ్మెక్కిస్తుంది. హాలు మధ్యలోకి కుర్చీ లాక్కుంటే మాయమవుతుంది. వెడల్పు 12 అడుగులైతే ఇంకో ఊపు 47 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. బేస్ గిటార్‌లో లావుపాటి తీగను విడిగా మీటితే 41 హెర్ట్జ్, రెండో మెట్టు మీద వేలు పెడితే 46. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ మెట్టుమెట్టుకూ నడిచే తీరు తెలిసినవాళ్లకు, ఆ నడకలో ఒక్క మెట్టు మాత్రం దబ్బున మోగితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మన ఇళ్లలో ఈ బాధ ఎక్కువ. అమెరికా ఇళ్లలోని జిప్సమ్ బోర్డు గోడలు కొంచెం వంగి కొంత బేస్‌ను మింగుతాయి. ఇటుక గోడ, కాంక్రీటు శ్లాబు, టైల్స్ నేల ఏమీ మింగవు. పరదాలు, తివాచీలు పై స్వరాలకే పనికొస్తాయి.

ఈ శతాబ్దం మొదటి ఏళ్లలో వెలోడైన్ సంస్థ డిజిటల్ డ్రైవ్ సబ్‌వూఫర్లతో మైకు కూడా ఇచ్చింది. మైకును కూర్చునే చోట పెడితే, గదిలో మోత ఎక్కువైన స్వరాల గుట్టలూ, తక్కువైన వాటి గుంటలూ గీతగా టీవీ తెర మీద కనిపించేవి. వాటిని చూస్తూ దిద్దుకోవచ్చు. తర్వాత జేఎల్ ఆడియో సంస్థ ఫాథమ్ సబ్‌వూఫర్లలో మీట నొక్కితే పెట్టె తానే కొలుచుకోవడం వచ్చింది. ఇప్పుడు కొన్నిటికి ఫోన్ మైకు చాలు.

గుట్టను తగ్గించడంలో ఇవి నిజంగా ఘనమైనవి. ఆ స్వరం మోత తగ్గడమే కాదు, పాట ఆగాక గదిలో సాగే దాని గుయ్యి కూడా త్వరగా చల్లారుతుంది. గుంట సంగతి వేరు. అక్కడ నేరుగా వచ్చిన తరంగాన్ని గోడ నుంచి వచ్చింది రద్దు చేస్తోంది. ఎంత పెంచితే రద్దయ్యేదీ అంతే పెరుగుతుంది. 12 డెసిబెల్‌లు పెంచాలంటే యాంప్లిఫయర్ 16 రెట్ల శక్తి ఇవ్వాలి. కోన్ అలిసిపోతుంది, గుంట అలాగే ఉంటుంది. దానికి మందు పెట్టెను జరపడమే. సబ్‌వూఫర్‌ను సోఫా మీద పెట్టి, పాట వేసి, గోడల వెంట పాకుతూ బేస్ సమంగా వినిపించే చోటు వెతకాలి. ధ్వనికి రాకా పోకా ఒకటే కాబట్టి పెట్టెను అక్కడికి మారిస్తే సోఫాలోనూ అలాగే వినిపిస్తుంది. చుట్టాలు లేని రోజు చూసుకుని చేయాల్సిన పని.

ఇంకో మార్గం రెండు పెట్టెలు. 2002లో హార్మన్ కంపెనీ పరిశోధకుడు టాడ్ వెల్టీ, సబ్‌వూఫర్లు ఎన్ని ఉంటే చాలు అన్న ప్రశ్న మీదే ఒక పత్రం సమర్పించారు. ఎదురెదురు గోడల మధ్యలో చెరొకటి పెడితే సీటుకూ సీటుకూ తేడా బాగా తగ్గుతుందని అందులో తేలింది. ఒక పెద్ద పెట్టెకు పెట్టే డబ్బుతో రెండు చిన్నవి కొనడమే తెలివని నా అభిప్రాయం.

స్టీరియోలో మాత్రం అమ్మేవాళ్లు చెప్పని చిక్కులు రెండున్నాయి. పెట్టెలోని కరెక్షన్ ఆ పెట్టెనే దిద్దుతుంది. పక్కనున్న పెద్ద స్పీకర్లు కూడా 47 హెర్ట్జ్‌ను అలాగే పలుకుతుంటే గది ఊగుతూనే ఉంటుంది. అందుకే 80 హెర్ట్జ్ కిందిది వాటికి అందకుండా కత్తిరించాలి, దానికి వీలున్న యాంప్లిఫయర్ చూసుకోవాలి. రెండోది ఆలస్యం. లోపలి చిప్ లెక్కలకు కొన్ని మిల్లీసెకన్లు పడతాయి. 5 మిల్లీసెకన్లంటే పెట్టెను 1.7 మీటర్లు వెనక్కి జరిపినట్టే. హోమ్ థియేటర్ రిసీవర్ మిగతా స్పీకర్లను కూడా ఆలస్యం చేసి సరిపెడుతుంది. మామూలు స్టీరియో యాంప్లిఫయర్‌కు ఆ సదుపాయం ఉండదు. అలాంటప్పుడు సబ్‌వూఫర్‌ను స్పీకర్ల పక్క నుంచి తీసి, అంత మేర మనం కూర్చునే చోటుకు దగ్గరగా పెట్టి, మళ్లీ కొలిపించాలి.