28 ఏళ్లు బీరువాలో ఉండిపోయిన పాట

పాట బాగాలేదంటే ఒప్పుకోవచ్చు. జనానికి నచ్చలేదన్నా సరిపెట్టుకోవచ్చు. అసలు జనం చెవినే పడకుండా, ఎందుకో కూడా చెప్పకుండా పక్కన పెట్టేస్తే? అమెరికన్ గాయని బెటీ లవెట్ గురించి చదివినప్పట్నించీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

బెటీ 1946లో మిషిగన్ రాష్ట్రంలో పుట్టింది. డెట్రాయిట్ నగరంలో పెరిగింది. వాళ్లింట్లో చాటుగా మొక్కజొన్న సారా అమ్మేవారు. తాగడానికి వచ్చేవాళ్ల కోసం ముందుగదిలో నాణెం వేస్తే పాడే జూక్‌బాక్స్ పెట్టారు. ఆ పెట్టె దగ్గరే ఆ పిల్లకి సంగీతం అబ్బింది. నల్లజాతివారి చర్చి పాటలూ, బ్లూస్ పాటలూ కలిసి పుట్టిన బాణీని 'సోల్' అంటారు. గుండెలోంచి గొంతు చించుకుని వచ్చే పాట అది. ఆ బాణీలో పేరు తెచ్చుకున్న చాలామంది చర్చిలో పాడి ఎదిగారు. బెటీ మాత్రం సారా గిరాకీల మధ్య ఎదిగింది!

1962లో, 16 ఏళ్లకే మొదటి రికార్డు వచ్చింది. దాన్ని పంపిణీ చేసింది పెద్ద కంపెనీ అట్లాంటిక్. పాట నల్లజాతి సంగీతపు జాబితాలో మొదటి పదింట్లోకి ఎక్కింది. ఇక తిరుగులేదనుకున్నారంతా. కానీ తర్వాత పదేళ్లూ విడిపాటలే. 1965లో 'లెట్ మీ డౌన్ ఈజీ' పాడినా, పూర్తి ఆల్బమ్ అన్నది చేతికి రాలేదు.

1972లో ఆ రోజు రానే వచ్చింది. అట్లాంటిక్ వాళ్లే పిలిచారు. అలబామాలోని మజిల్ షోల్స్ అనే చిన్న ఊళ్లో, పేరుమోసిన వాద్యకారులతో ఆల్బమ్ రికార్డు చేశారు. పేరు 'చైల్డ్ ఆఫ్ ద సెవెంటీస్'. బెటీకి అప్పుడు 26 ఏళ్లు. ప్రచారానికి వెళ్లాలని విమానం టిక్కెట్లు కూడా వచ్చాయట. అంతలో ఫోను. ఆల్బమ్ విడుదల చెయ్యడం లేదు, టిక్కెట్లు వెనక్కి పంపెయ్యమని! ఆ మాట విని భోజనాల బల్ల కిందికి దూరి అక్కడే ఉండిపోయానని తర్వాత ఆవిడే చెప్పుకుంది.

కారణం ఆవిడకి చెప్పలేదు. వేరే కంపెనీకి ఇచ్చుకోవచ్చుగా అంటారేమో. పాడింది తనే అయినా టేపులు కంపెనీవి. వాళ్లు వెయ్యరు, ఇంకొకరు వెయ్యడానికి వీల్లేదు.

ఈ బాధ నాకు కొంచెం తెలుసు. నేను కథలు రాస్తాను. తిరిగొచ్చిన కథలు బోలెడున్నాయి, వాటికి ఏడవను. కానీ ఒక కథని 'ప్రచురణకు తీసుకున్నాం' అని కబురు చేసి, ఏళ్లు గడిచినా వెయ్యలేదు. ఇంకో చోటికి పంపలేను, అడిగితే జవాబు లేదు. "ఇంకోటి రాయొచ్చుగా" అన్నారు మావారు. రాశాను కూడా. అయినా ఆ కథ మీదున్న బెంగ దీంతో తీరలేదు.

బెటీ కూడా ఇంకో పని చూసుకుంది. 'బబ్లింగ్ బ్రౌన్ షుగర్' అనే సంగీత నాటకంలో చేరి ఏళ్ల తరబడి ఊరూరా తిరిగింది. 1982లో మోటౌన్ కంపెనీ ఆల్బమ్ ఒకటి వేసింది, అదీ అంతగా నడవలేదు. చిన్న చిన్న క్లబ్బుల్లో పాడుతూనే ఉంది. గొంతు తుప్పు పట్టనివ్వలేదు, అదీ గొప్ప!

1978లో అట్లాంటిక్ గిడ్డంగి ఒకటి తగలబడింది. 1972 నాటి టేపులు అందులోనే బుగ్గయిపోయాయని అనుకున్నారు. కానీ ఫ్రాన్సుకి చెందిన పాత రికార్డుల ప్రేమికుడు జిల్ పెటార్ వెతికించి వాటిని బయటికి తీయించాడు. 2000లో 'సూవెనీర్స్' పేరుతో ఫ్రాన్సులో విడుదల చేశాడు. అప్పటికి బెటీకి 54 ఏళ్లు. ఆ పాటలు విన్నవాళ్లు 'ఈవిడ ఇన్నాళ్లూ ఎక్కడుంది?' అన్నారు. ఎక్కడికీ పోలేదు, పాడుతూనే ఉంది.

2005లో మరో ఆల్బమ్ వచ్చింది. అందులో పాటలన్నీ ఆడవాళ్లు రాసినవే. 2007లో మళ్లీ మజిల్ షోల్స్‌కే వెళ్లి ఇంకొకటి రికార్డు చేసింది. దానికి ఏం పేరు పెట్టిందనుకున్నారు? 'ద సీన్ ఆఫ్ ద క్రైమ్', అంటే నేరం జరిగిన చోటు! 2009 జనవరిలో, ఒబామా ప్రమాణ స్వీకారానికి రెండ్రోజుల ముందు, లింకన్ స్మారకం దగ్గర లక్షల మంది ఎదుట పాడింది. 2020లో బ్లూస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

'చివరికి గెలిచింది కదా' అని ముగించెయ్యడం తేలికే. నాకు మనసొప్పడం లేదు. 26 ఏళ్లప్పుడు వినాల్సిన చప్పట్లు 60కి దగ్గరపడ్డాక వినిపిస్తే సంతోషమే, కానీ మధ్యలో పోయిన ఏళ్లు ఏ బహుమతీ తిరిగివ్వదు. గెలవబోతానని ముందే తెలిసి ఆవిడ పాడుతూ కూర్చోలేదు. పాట తన పని, అంతే.

ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి ఆ పాటలు. 1972 నాటి 'యువర్ టర్న్ టు క్రై' వినండి. వంటింట్లో పెట్టుకుంటే మాత్రం స్టవ్ సిమ్‌లో పెట్టండి, పోపు మాడుతుంది!