పండగ మర్నాటి సలాడ్

థాంక్స్‌గివింగ్ మర్నాడు అమెరికాలో ఏ తెలుగింట్లో ఫ్రిజ్ తలుపు తీసినా లోపల చెయ్యి పట్టే చోటుండదు. సగం కోసిన టర్కీ, రేకు కప్పిన బంగాళాదుంప ముద్ద, క్రాన్‌బెర్రీ సాస్. వాటి పక్కనే ఎవరో తెచ్చిన పులిహోర, బిర్యానీ, గుత్తివంకాయ కూర. లింకన్ 1863లో నవంబరు చివరి గురువారమని ప్రకటించిన ఈ పండగను, 1941లో కాంగ్రెస్ చట్టం చేసి నాలుగో గురువారానికి ఖాయం చేసింది. తెలుగువాళ్ళకు మాత్రం ఇది ముందుగా నాలుగు రోజుల సెలవు. ఊరూరి నుంచీ చుట్టాలు కార్లలో దిగుతారు. మనిషికి ఒక పౌను చొప్పున టర్కీ కొంటే చాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. ‘చాలకపోతే పరువేం కాను’ అనుకునే ఇల్లాలు ఆ లెక్క వింటుందా? పైగా వచ్చినవాళ్ళెవరూ ఒట్టి చేతులతో రారు.

మిగలక ఏమవుతుంది!

మిగిలినదానికి సాధారణంగా పట్టే గతి మైక్రోవేవ్. శుక్రవారం ఒకసారి, శనివారం ఇంకోసారి వేడి చేస్తారు. మూడోసారికి పిల్లలు ప్లేటు జరిపేస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు. వండిన మాంసాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ వేడి చేస్తే ఒక ముక్కిపోయిన వాసన వస్తుంది. దీనికి ‘వార్మ్‌డ్ ఓవర్ ఫ్లేవర్’ అని 1958లో టిమ్స్, వాట్స్ అనే పరిశోధకులు పేరు పెట్టారు. ఉడికినప్పుడు కండలోని ఇనుము విడివడి, కొవ్వు గాలితో కలిసి చెడిపోవడాన్ని తొందర చేస్తుంది. కోడి మాంసంతో పోలిస్తే టర్కీలో ఈ బెడద ఎక్కువ. వేడి చేసినకొద్దీ ఆ వాసన పైకి వస్తుంది, రొమ్ము ముక్క పీచులా ఎండిపోతుంది. అదే చల్లగా తింటే వాసన ముక్కుకు అంతగా తగలదు. కాస్త పులుపూ ఘాటూ తగిలిస్తే ఆ కొంచెం కూడా తెలియదు. అంటే మిగిలిన టర్కీకి తగిన చోటు మైక్రోవేవ్ కాదు, సలాడ్ గిన్నె.

అమెరికా వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. వాళ్ళు ఇష్టంగా తినే సలాడ్లలో కొన్ని ఉన్నవాటితో సర్దుకున్నప్పుడు పుట్టినవేనని చెబుతారు. 1924 జులై 4న అమెరికాలో మద్యనిషేధం తప్పించుకుని సరిహద్దు దాటిన జనంతో మెక్సికోలోని టిజువానాలో సీజర్ కార్డీనీ హోటల్ నిండిపోయింది. సరుకులు నిండుకోవడంతో చేతికందిన ఆకులు, గుడ్డు, చీజ్, రొట్టె ముక్కలు కలిపి ఆయన వడ్డించిందే సీజర్ సలాడ్ అంటారు. హాలీవుడ్ బ్రౌన్ డెర్బీ హోటల్ యజమాని రాబర్ట్ కాబ్, పొద్దుపోయాక ఆకలేసి ఫ్రిజ్‌లో ఉన్న కోడిమాంసం, గుడ్లు, అవకాడో అన్నీ తరిగి కలిపితే కాబ్ సలాడ్ అయిందని ఇంకో కథ. యాపిల్, సెలెరీ, మయొనేజ్ కలిపిన వాల్‌డార్ఫ్ సలాడ్ 1893 నాటిది. న్యూయార్క్‌లో అదే పేరున్న హోటల్లో పుట్టింది. అక్రోట్లు అందులోకి తర్వాత వచ్చి చేరాయి.

తెలుగు వంటింటికి మాత్రం ఇందులో కొత్తేముంది? శ్రీరామనవమికి నానబెట్టిన పెసరపప్పులో దోసకాయ, మామిడికాయ, కొబ్బరి కోరు కలిపితే వడపప్పు. మిగిలిన గారె పెరుగులో పడి ఆవడ అవుతుంది. మిగిలిన ఇడ్లీ పొడి చేస్తే ఉప్మా. చల్లారిన వంటకానికి పులుపు, కరకర, పోపు తోడైతే మళ్ళీ ప్రాణం వస్తుందని అమ్మమ్మలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కావలసిందల్లా ఆ మూడింటినీ టర్కీకి కూడా వర్తింపజేయడమే.

నలుగురైదుగురికి సరిపడా చేసే తీరు ఇది. ఎముక తీసిన టర్కీ మూడు కప్పులు, చేత్తో చీలికలుగా తుంచాలి. కత్తితో కోసిన ముక్కకు పెరుగు మిశ్రమం సరిగా పట్టదు. సెలెరీ రెండు కాడలు, పుల్లటి ఆకుపచ్చ యాపిల్ ఒకటి సన్నగా తరగాలి. అర కప్పు గట్టి పెరుగులో రెండు చెంచాల క్రాన్‌బెర్రీ సాస్, ఒక నిమ్మకాయ రసం, తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి గిలకొట్టాలి. టర్కీని ముందే ఉప్పు నీళ్ళలో ఊరవేసే ఇళ్ళు చాలా ఉంటాయి కాబట్టి రుచి చూశాకే ఉప్పు. చెంచాడు నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేయించి, ఆ పోపు పూర్తిగా చల్లారాక అన్నీ కలపాలి. వేడి పోపు తగిలితే పెరుగు విరుగుతుంది. వేయించిన పీకన్ లేదా అక్రోట్లు తినే ముందే చల్లాలి. టర్కీ కడుపులో కూరిన రొట్టె మిశ్రమం, అంటే స్టఫింగ్, మిగిలితే ట్రేలో పరిచి 400 డిగ్రీల ఓవెన్‌లో కరకరలాడేదాకా ఉంచితే పైన చల్లుకోవడానికి రొట్టె ముక్కలు కూడా సిద్ధం.

శాకాహారులది ఇంకా తేలిక. కాల్చిన చిలగడదుంపలు, బీన్స్, బ్రసెల్స్ స్ప్రౌట్స్ మిగులుతాయి. వాటిలో ఒక డబ్బా ఉడికిన సెనగలు కడిగి వేసి, ఉల్లిపాయ తరుగు, నిమ్మరసం, అదే పోపు వేస్తే సరి. పెరుగు అక్కర్లేదు. పై నుంచి పచ్చికొబ్బరి కోరు వేస్తే మద్రాసు బీచిలో సుండల్ తిన్నవాళ్ళకు ఆ రుచి గుర్తొస్తుంది.

అన్నీ ఇందులోకి రావు. బిర్యానీ అన్నం ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది. పిండిపదార్థం స్వభావమే అంత. దాన్ని వేడి చేసుకునే తినాలి. బంగాళాదుంప ముద్ద సలాడ్‌లో కలిస్తే జిగురే మిగులుతుంది, దానితో కట్లెట్లు చేసుకోవడం నయం. గ్రేవీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక తెలుగు పార్టీల్లో గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు బల్లమీద పెట్టిన గిన్నె, ఆఖరి చుట్టం వచ్చేదాకా, అంటే రాత్రి తొమ్మిది దాకా అక్కడే ఉంటుంది. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదని వ్యవసాయ శాఖ నియమం. 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మాంసం వంటకాలను పట్టే క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి తాలూకు కడుపునొప్పులు నవంబరు, డిసెంబరుల్లో ఎక్కువగా బయటపడతాయని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం హెచ్చరిస్తుంది. అలా చెడిన టర్కీకి ఏ నిమ్మరసమూ మందు కాదు. కాబట్టి భోజనం అవగానే ఎముక నుంచి మాంసం విడదీసి, కడుపులో కూరిన స్టఫింగ్ వేరుచేసి, లోతు తక్కువ డబ్బాల్లో సర్ది లోపల పెట్టాలి. ఆలస్యంగా వచ్చేవాళ్ళకు అందులోంచి తీసి వేడి చేసి పెడితే మర్యాదకేమీ లోటు రాదు.

ఫ్రిజ్‌లో పెట్టిన టర్కీకి ఆయుష్షు మూడు, నాలుగు రోజులే. గురువారం వండింది సోమవారం దాటకూడదు. అంతకు మించి మిగిలేట్టుంటే మొదటి రోజే ఫ్రీజర్‌లో పెట్టడం మంచిది. ఈ ఏడాది పండగకు వచ్చే చుట్టాలు ‘ఏం తీసుకురమ్మంటారు?’ అని ఫోన్ చేస్తే ఇంకో బిర్యానీ ట్రే అడగకండి. నాలుగు యాపిల్స్, ఒక కట్ట సెలెరీ, అరడజను నిమ్మకాయలు, మూతలున్న ఖాళీ డబ్బాలు తెమ్మనండి. శుక్రవారం మధ్యాహ్న భోజనం అప్పటికే సగం తయారైనట్టు.